ఏ బాత్రూమ్‌లో పడ్డావురా తమ్ముడూ?

మార్చి 2

అక్కకి,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాశాడేమిటని కంగారుపడకు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్‌లో అయితే నేను రెండో మాటలోకి వచ్చేసరికే నువ్వు "సరేగానీ" అంటావు. ఆ తర్వాత నాకు మళ్లీ నోరు తెరిచే అవకాశం రాదు. కాగితం అలా అడ్డుపడదు కాబట్టి ఇకనుంచి పెద్ద విషయాలన్నీ ఉత్తరాల్లోనే.

పెద్ద విషయం ఏమిటంటే, మా సైటుకి ఇప్పుడు నీ తమ్ముడే ఇన్‌ఛార్జి. నేను పనిచేస్తున్న ఆ పన్నెండంతస్తుల భవనానికే! పాతాయన వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. మా యజమాని (మేమంతా పెద్దాయన అంటాం) నన్ను పిలిచి, "నువ్వు బాగా మాట్లాడతావు కదా, ఇక నువ్వే చూసుకో" అన్నాడు. చిన్నప్పుడు ఏ నోటిని చూసి మీరంతా నన్ను 'మైకు' అని ఏడిపించారో, ఆ నోరే ఇవాళ నాకు కుర్చీ తెచ్చిపెట్టింది.

కుర్చీతోపాటు ఇంకో బాధ్యత కూడా తగిలించాడులే. పక్క సైటులో పరంజా కూలిపోయి, పని మొత్తం ఆగిపోయింది. అప్పటినుంచి పెద్దాయనకి భద్రత అంటే ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది. నన్ను శిక్షణకి పంపాడు. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు. "సైటులో జాగ్రత్త అనేది అందరికీ అలవాటు కావాలంటే, అది నాయకుడి దగ్గరే మొదలవ్వాలి" అని చెప్పారు. నాయకుడు అన్న మాట చెవిన పడగానే నా వెన్ను నిటారైంది. ఆ తర్వాత ఏం చెప్పారో సరిగ్గా వినలేదనుకుంటా.

రోజూ పొద్దున్నే పనివాళ్లందర్నీ నిలబెట్టి ఉపన్యాసం ఇస్తున్నాను. నిన్న నేను మాట్లాడుతుంటే వెనక వరసలో ప్లాస్టరింగ్ చేసే ఒకాయన నిలబడే నిద్రపోయాడు. హెల్మెట్ పెట్టుకునే నిద్రపోయాడు కాబట్టి ఏమీ అనలేదు.

గేటు దగ్గర పెద్ద బోర్డు కూడా పెట్టించాను: 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు'. రోజూ అంకె మార్చేది నేనే. అది వందకి చేరితే సైటులో ప్రతి ఒక్కరికీ ఒక టేబుల్ ఫ్యాను. మధ్యలో ఎవరికైనా దెబ్బ తగిలితే అంకె మళ్లీ సున్నా, ఫ్యాన్లు లేవు. ఈ ఆలోచన పూర్తిగా నాదే. చూశావా నీ తమ్ముడి బుర్ర!

బావగారికి నమస్కారాలు.

ఇట్లు,
నీ తమ్ముడు (ఇప్పుడు నాయకుడు)


మార్చి 11

ఒరేయ్ మైకూ,

నీ ఉత్తరం గట్టిగా పైకి చదువుతుంటే, సగంలో మీ బావ "సరేగానీ, భోజనం సంగతేమిటి?" అన్నారు. ఈ ఇంట్లో అదొక అంటురోగం, నన్నొక్కదాన్నే అనకు.

నీకు కుర్చీ వచ్చినందుకు సంతోషం. ఫ్యాన్ల సంగతి నాకు అంతగా అర్థం కాలేదు గానీ, నువ్వు శిక్షణ పొందినవాడివి, నేను పొందనిదాన్ని.

మా డ్రైవింగ్ స్కూల్లో పనికేం కరువు లేదు. ఇప్పుడు నా దగ్గర నేర్చుకుంటున్న పెద్దమనిషి పళ్ల డాక్టరు. మలుపు వచ్చిందంటే చాలు, స్టీరింగ్ పట్టుకుని కళ్లు మూసుకుంటాడు. నా కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంది కాబట్టి నీకు అక్క మిగిలింది. "కళ్లు తెరవండి సార్!" అని నేను అరిచే అరుపుకి రోడ్డుమీద పక్కవాళ్లు బళ్లు ఆపేస్తున్నారు.

ఒక్క సందేహం. పేపర్లో వేయించుకున్నావే, సైటు ముందు నిలబడి తీయించుకున్న ఫోటో, అందులో అందరి హెల్మెట్లూ నెత్తిమీద ఉన్నాయి. నీది చంకలో ఉంది. నాయకుల తలకాయలు చంకలో ఉంటాయా?

మీ అక్క


మార్చి 24

అక్కకి,

చంకలో పెట్టుకున్నది జుట్టు చెదురుతుందని. ఫోటో అయ్యాక పెట్టుకున్నాను. ఇలాంటివి నీకే ఎందుకు కనపడతాయో!

సైటులో పని జోరుగా సాగుతోంది. బోర్డు మీద అంకె చూస్తే పెద్దాయన మొహం వెలిగిపోతోంది. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత ప్రశాంతమైన సైటు నేను చూడలేదు. నా ఉపన్యాసాల మహిమ అని అందరూ అంటున్నారు. అంటే, నేను అడిగినప్పుడు అంటున్నారు.

భద్రత మీద రంగురంగుల పోస్టర్లు కూడా వేయించాను. చాలావరకు అంటించాం. ఒకటి మాత్రం కొంచెం వంకరగా ఉంది.

ఇంకో చిన్న విషయం. ఎడమ మడమ దగ్గర ఎముక కొద్దిగా చిట్లింది. బాత్రూమ్‌లో జారాను, అంతే. ఇందులో ఇంకేం లేదు. కట్టు వేశారు. చేతికర్రతో నడుస్తున్నాను. దీని గురించి ఎక్కువ ఆలోచించవద్దు, ఎవరినీ ఏమీ అడగవద్దు.

ఉంటాను. నిలబడలేను కాబట్టి కూర్చునే ఉంటాను.

నీ తమ్ముడు


ఏప్రిల్ 2

ఒరేయ్ తమ్ముడూ,

ఎముక చిట్లితే చివర్లో నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటావా? ముందు ఆ కాలు కింద పెట్టకు.

మీ బాత్రూమ్ నాకు తెలుసు. పోయినసారి వచ్చినప్పుడే మరదలితో చెబుదామనుకున్నాను, ఆ నునుపు పలకలు వద్దని. అప్పుడు మర్యాదకి ఊరుకున్నాను. ఈసారి ఊరుకోలేదు. దానికి విడిగా ఒక ఉత్తరం రాశాను. సబ్బు నేలమీద వదలకూడదనీ, స్నానమయ్యాక నీళ్లు లాగేయాలనీ, మగవాళ్లు పరాకు మనుషులు కాబట్టి ఆడవాళ్లే చూసుకోవాలనీ వివరంగా రాశాను. కాళ్లు జారకుండా ఒక రబ్బరు చాప కూడా పార్సిల్‌లో పంపాను. అడుగున గుండ్రటి బుడిపెలుంటాయి, ఆ వైపు కిందికి పెట్టమను.

మీ బావ కూడా ఒకసారి బాత్రూమ్‌లో పడ్డారట. ఇన్నేళ్ల కాపురంలో నాకు ఇవాళే చెప్పారు. ఎందుకు దాచారంటే, నేను అరుస్తానని. నేను అరుస్తానా? నువ్వే చెప్పు.

మీ అక్క


ఏప్రిల్ 10

అక్కా,

ఎంత పని చేశావు! మరదలికి రాసే ముందు నన్నొక్క మాట అడగొచ్చు కదా.

ఇంట్లో మూడు రోజులుగా మాటల్లేవు. కంచం పెట్టే చప్పుడుని బట్టి భోజనానికి రమ్మన్నారని గ్రహించుకోవాలి. ఎందుకో మొత్తం చెబుతాను, నవ్వనంటేనే చదువు.

మీ మరదలికి నేను ఆఫీసు బాత్రూమ్‌లో పడ్డానని చెప్పాను. ఆఫీసులో ఇంటి బాత్రూమ్‌లో పడ్డానని చెప్పాను. నీకు వట్టి బాత్రూమ్ అని రాశాను, ఎటైనా సర్దుకోవచ్చని. అంతా సవ్యంగా సాగుతుండగా, మా అకౌంటెంటు పరామర్శకి ఇంటికొచ్చి, కాఫీ తాగి, వెళ్తూ వెళ్తూ మా ఆవిడతో "మీ బాత్రూమ్‌లో కొంచెం బ్లీచింగ్ పౌడరు చల్లండమ్మా" అన్నాడు. మర్నాడే సబ్బు గురించి నీ ఉత్తరం. ఆ మర్నాడు చాప. చాప విప్పి, బుడిపెలు చూసి, "మీరు ఏ బాత్రూమ్‌లో పడ్డారు?" అని ఒక్కటే ప్రశ్న అడిగింది. "ఈ బుడిపెలు కిందికి ఉండాలట" అన్నాను. ఆ తర్వాత తను ఇంకేమీ అడగలేదు.

నేను ఏ బాత్రూమ్‌లోనూ పడలేదక్కా. సైటులో పడ్డాను. నిచ్చెన మీదినుంచి. పోస్టరు అంటిస్తూ. ఆ పోస్టరు మీద ఏం రాసుందంటే, 'నిచ్చెన ఎక్కే ముందు కింద ఎవరైనా పట్టుకున్నారా చూసుకో'. కింద ఎవరూ లేరు. ఒక చేతిలో పోస్టరు, ఇంకో చేతిలో జిగురు డబ్బా, చెవికీ భుజానికీ మధ్య ఫోను. ఫోన్లో పెద్దాయన. "భద్రత ఎలా ఉంది?" అని అడిగాడు. "బ్రహ్మాండంగా ఉంది సార్" అనబోయాను. 'బ్రహ్మాం' దగ్గర నిచ్చెన జారింది.

చూసినవాళ్లు ఇద్దరే. ఒకరు క్రేన్ నడిపే ఆవిడ, పైన గదిలో కూర్చుంటుంది కాబట్టి సైటంతా ఆవిడకి కనపడుతుంది. రెండో మనిషి సెంట్రింగ్ మేస్త్రి, స్లాబు కిందికి చెక్కలూ ఆసరాలూ బిగించే జట్టుకి పెద్ద. ఆయనే పరిగెత్తుకొచ్చి నన్ను లేపాడు. ఒళ్లంతా చెమటలు పడుతున్నా నాకు ముందు గుర్తొచ్చింది బోర్డే. "మేస్త్రీ, ఇది ఇక్కడ జరగలేదు, ఇంట్లో జరిగింది" అన్నాను.

"ఇంట్లో ఎక్కడ సార్?" అన్నాడు.

"బాత్రూమ్‌లో."

"సరే సార్. ఫ్యాన్లు పోకూడదు కదా" అన్నాడు.

ఇద్దరూ ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఎంత కలిసికట్టుగా ఉన్నారో చూడు! నా కళ్లు చెమ్మగిల్లాయి. కొంత నొప్పివల్ల అనుకో.

నువ్వు మాత్రం మీ మరదలికి సబ్బు ఉత్తరం పొరపాటున రాశానని చెప్పు. ఇంతకుమించి ఏమీ చెప్పకు.

నీ కుంటి తమ్ముడు


ఏప్రిల్ 19

ఒరేయ్,

నవ్వనని నేనెప్పుడు ఒప్పుకున్నాను? నవ్వి నవ్వి పక్క నొప్పి పుట్టింది. మీ బావకి చెప్పాను, ఆయన తన ఆఫీసులో చెప్పారట. పళ్ల డాక్టరుగారికి చెబితే నవ్వుతూ మలుపు తిప్పేశాడు, కళ్లు తెరుచుకునే.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు చెప్పినట్టే మరదలికి క్షమాపణ రాశాను. "పాపం, వాడు పోస్టరు అంటిస్తూ నిచ్చెన మీదినుంచి పడితే నేను నీ సబ్బుని అన్నాను, ఏమీ అనుకోకు" అని. పోస్టులో వేసి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, నిచ్చెన సంగతి దానికి తెలీదని. నాలుక కరుచుకున్నాను. తపాలా డబ్బాలో చెయ్యి పెట్టి చూశాను, అందలేదు.

ఈ ఉత్తరం ముందు చేరితే నువ్వే చెప్పెయ్యి. అది ముందు చేరితే, కంచం చప్పుడు ఇంకా పెరుగుతుంది, ఓర్చుకో.

అన్నట్టు, ఎవరికీ చిన్న గీత కూడా పడలేదని రాశావు, నీ కాలు విరిగాక కూడా. మరి నీ బోర్డు మీద అంకె ఇప్పుడెంత?

మీ అక్క


మే 6

అక్కా,

ఈసారి నవ్వించలేను.

సెంట్రింగ్ మేస్త్రి ఆసుపత్రిలో ఉన్నాడు. కుడికాలి రెండు వేళ్లు తీసేశారు. ఇంకా ఆలస్యమై ఉంటే పాదమే తీయాల్సి వచ్చేదని డాక్టరమ్మ చెప్పింది.

చెక్కలో ఉన్న మేకు బూటు అడుగునుంచి దిగింది. తనే పీకేసుకుని, గుడ్డ కట్టుకుని పనిలోకి దిగాడు. కుంటుతుంటే జట్టువాళ్లు చూశారు. చూసి, "ఇంకొన్నాళ్లు ఓర్చుకో, ఫ్యాన్లు దగ్గరపడ్డాయి" అన్నారట. నేనూ చూశాను. చేతికర్రతో నేను, కుంటుతూ ఆయన, మెట్ల దగ్గర ఎదురుపడ్డాం. "ఏం మేస్త్రీ, మనిద్దరం పరుగుపందెం పెట్టుకుందామా?" అన్నాను. ఆయన నవ్వాడు. నా హాస్యానికి నేనే మురిసిపోయి పైకి వెళ్లిపోయాను. అప్పటికే ఆయనకి జ్వరం ఉందట.

ఆసుపత్రికి వెళ్తే మంచం మీదినుంచి లేవబోయాడు. భార్య భుజం పట్టుకుని ఆపింది. నేను ఏమీ అడగకముందే, "కంగారుపడకండి సార్, సైటు పేరు చెప్పలేదు" అన్నాడు.

"మరి ఏం చెప్పారు?"

"ఇంట్లో బాత్రూమ్‌లో గుచ్చుకుందని చెప్పాను. మీరు చెప్పినట్టే."

పక్కనే ఉన్న డాక్టరమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "అంత పొడుగు మేకు బాత్రూమ్‌లోకి ఎలా వచ్చిందని నేనూ అడుగుతున్నాను" అంది. మేస్త్రి మాత్రం నావైపే చూస్తున్నాడు, సరిగ్గా చెప్పానా అన్నట్టు. ఆయన నన్ను దెప్పిపొడవలేదక్కా. నేను నేర్పింది నాకే ఒప్పజెప్పాడు, అంతే. ఇన్ని ఉపన్యాసాలిచ్చాను, ఒక్కటీ ఎవరికీ ఎక్కలేదు. నేను చెప్పిన ఒక్క అబద్ధం మాత్రం అందరికీ ఒకేసారి వంటపట్టింది.

మీ మరదలు మళ్లీ మాట్లాడుతోంది. అసలు సంగతి మొత్తం చెప్పాను. విని, మేస్త్రి భార్యకి భోజనం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేది.

తమ్ముడు


మే 14

తమ్ముడూ,

నీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు.

ధైర్యం చెప్పమంటావా, తిట్టమంటావా? రెండూ నాకు చాతకావడం లేదు. నువ్వు నిచ్చెన మీదినుంచి పడ్డావని నేను ఊరంతా చెప్పుకుని నవ్వానే గానీ, నిన్ను లేపిన మనిషి దాన్నుంచి ఏం నేర్చుకున్నాడో అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

మేస్త్రికి చెప్పావా, తప్పు నీదని? ఆయనొక్కడికే చెబితే సరిపోదు. నీ కాలు విరిగిన సంగతి, ఆయన మేకు సంగతి, అందరి ముందూ చెప్పు. ముందు పెద్దాయనకి చెప్పు, ఆయన ఇంకొకరి నోటినుంచి వినకూడదు.

ఉపన్యాసంలా మాత్రం చెప్పకు.

అక్క


మే 27

అక్కకి,

చెప్పాను.

మేస్త్రికి ముందే చెప్పాను. "మేకు తొక్కింది నేను, చెప్పకుండా ఊరుకున్నదీ నేనే, మీరెందుకు బాధపడతారు సార్?" అని ఆయనే నన్ను ఓదార్చడం మొదలుపెట్టాడు. ఆ ఓదార్పు భరించడం కాలు విరగడంకంటే కష్టంగా ఉంది.

తర్వాత పెద్దాయన గదిలోకి వెళ్లాను. మొత్తం విని, "ఇప్పుడిదంతా ఎందుకు తవ్వుతావు? ఫ్లాట్లు కొనేవాళ్ల చెవిన పడితే?" అన్నాడు. మేస్త్రికి సైటులోనే దెబ్బ తగిలిందని కాగితం మీద రాస్తేనే వైద్యం మన కంపెనీ తరఫున జరుగుతుంది, అది రాయకపోతే నేను ఈ కుర్చీలో ఉండలేనన్నాను. కిటికీలోంచి బయటికి చూసి, "రాయి" అన్నాడు. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క చిన్న ప్రసంగం అదే, ఫలించింది కూడా అదే.

మర్నాడు పొద్దున్నే అందరి ముందూ నిలబడ్డాను. "నేను బాత్రూమ్‌లో పడలేదు" అని మొదలుపెట్టాను. మొదటి వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత నవ్వు అన్ని వరసలకీ పాకింది. నిలబడి నిద్రపోయే ప్లాస్టరింగ్ ఆయన కూడా మేలుకుని నవ్వాడు. తెలిసిందేమిటంటే, మొదటి రోజునుంచీ అందరికీ తెలుసట! అకౌంటెంటు ఒక్కడే నమ్మాడట. ఇన్నాళ్లూ నేను రహస్యం మోస్తున్నాననుకుని కుంటుతూ తిరిగాను, వాళ్లేమో నా నటన చూస్తూ భోజనాలు చేశారు.

మేస్త్రి వేళ్ల సంగతి చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది. బోర్డు నా చేతులతోనే పీకేశాను. ఈసారి నిచ్చెనని ఇద్దరు పట్టుకున్నారు. ఫ్యాన్లు ఎలాగూ కొన్నాం, అందరికీ ఇచ్చేశాం. "దెబ్బ తగిలితే చెప్పండి. తగలకముందే చెబితే ఇంకా మంచిది. ఏదైనా తేడాగా అనిపిస్తే ఎవరైనా సరే పని ఆపొచ్చు" అన్నాను.

అప్పటినుంచి ఉపన్యాసాలు మానేసి, రోజూ ఒక్కో అంతస్తూ తిరుగుతూ, "ఇక్కడ మీకు భయంగా ఉన్నది ఏమిటి?" అని అడుగుతున్నాను. "ఏం లేదు సార్" అంటున్నారు. కమ్మీ లేని అంచున నిలబడి, కింద పాతాళం కనపడుతుంటే, "ఏం లేదు సార్" అంటున్నారు. ఆ కమ్మీ బిగించే దాకా నేనక్కడే కూర్చుంటున్నాను. కానీ ఎవరూ నోరు విప్పడం లేదు. నన్ను నమ్మడం లేదక్కా. వాళ్ల తప్పేం లేదు.

నీ తమ్ముడు


జూన్ 8

ఒరేయ్ మైకూ,

నీ ఉత్తరం చదివి నేనూ ఒక పని చేశాను. బుద్ధి తక్కువై చేశాను. కారు పక్కకి ఆపించి పళ్ల డాక్టరుగార్ని అడిగాను, "మలుపుల్లో మీకు భయమేమిటి సార్, నిజం చెప్పండి" అని.

చాలాసేపు నసిగి, "మలుపంటే భయం లేదమ్మా. మీరు అరుస్తారని కళ్లు మూసుకుంటాను" అన్నాడు.

తిరిగొచ్చేదాకా నేను అరవలేదు, ఆయన కళ్లు మూయలేదు. ఇంకో సంగతి కూడా బయటపడింది, ఆయనకి కుడివైపు అద్దంలో ఏమీ కనపడటం లేదట. నేను నా ఎత్తుకి తిప్పుకున్నాను. ఇన్నాళ్లూ అడగడానికి భయపడి, వెనకేమొస్తోందో తెలియకుండానే నడిపాడు. పక్కన నేను, మహా గురువుని, నా బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటికొచ్చి మీ బావని అడిగాను, నేను అరుస్తానా అని. ఆయన "సరేగానీ" అన్నారు.

నీకు సలహా ఇచ్చే మొహం నాకు లేదు, అయినా ఇస్తున్నాను. ఎవరో ఒకరు ముందు నోరు తెరుస్తారు. ఆ మనిషిని నువ్వేం చేస్తావా అని మిగతావాళ్లు కాచుకుని ఉన్నారు. ఆ రోజు తొందరపడకు.

అక్క


జులై 12

అక్కకి,

నువ్వు చెప్పిన రోజు రానే వచ్చింది, రాకూడని రోజున వచ్చింది.

తొమ్మిదో అంతస్తు స్లాబు వేసే రోజు. కాంక్రీటు లారీలు వీధి చివరిదాకా వరసకట్టాయి. ఫ్లాట్లు కొనేవాళ్లని వెంటబెట్టుకుని పెద్దాయన వచ్చాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, హెల్మెట్ నెత్తిమీదే పెట్టుకున్నాను. మొదటి బకెట్టు ఎత్తబోతుండగా వాకీటాకీలో క్రేన్ ఆవిడ గొంతు: "సార్, చప్పుడు మారింది. నేను ఎత్తను."

ఆవిడ మామూలుగా 'సరే', 'కాదు' తప్ప ఇంకో మాట మాట్లాడదు. అందరూ పైకి చూశారు. తర్వాత అందరూ నావైపు చూశారు.

మెకానిక్కు ఎక్కాడు. తాడు చూశాడు, కొక్కెం చూశాడు, బ్రేకు చూశాడు. ఎండ నడినెత్తికొచ్చింది. లారీల్లో కాంక్రీటు గట్టిపడుతోంది. మెకానిక్కు దిగొచ్చి, "అంతా బాగానే ఉంది సార్" అన్నాడు.

"విన్నావుగా. ఆవిణ్ణి దింపి ఇంకొకర్ని ఎక్కించు" అన్నాడు పెద్దాయన.

"ఎక్కించను సార్" అన్నాను.

"ఏమన్నావ్?"

బెదిరించడానికి కాదు, నిజంగానే ఆయనకి వినపడలేదు. అంత సన్నగా వచ్చింది నా గొంతు. మైకు అని పేరున్నవాడికి అంతకంటే సిగ్గుచేటు ఇంకేముంది? కాబట్టి మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారికంటే చాలా కష్టమక్కా. "ఎక్కించను సార్. తయారుచేసిన కంపెనీ మనిషి వచ్చి చూసేదాకా క్రేన్ కదలదు."

"ఏమీ లేదని తేలితే?"

"ఏమీ లేదని తేలితే మంచిదే కదా సార్."

ఆయన వచ్చినవాళ్లని తీసుకుని వెళ్లిపోయాడు. లారీలు వెనక్కి పోయాయి. మర్నాడు కంపెనీ మనిషి వచ్చి, విప్పి, బిగించి, ఏమీ లేదనే తేల్చాడు. ఒక పెద్ద లోపం బయటపడి, నేను వీరుణ్ణయిపోతానని లోపల్లోపల ఆశపడ్డాను, అబద్ధమెందుకు చెప్పాలి! ఏమీ దొరకలేదు. బోల్టు కూడా వదులుగా లేదు.

క్రేన్ ఆవిడ అందరి మధ్యలోంచి నడిచి నా దగ్గరికొచ్చింది. మొహం పాలిపోయింది. "చప్పుడు నిజంగానే వచ్చింది సార్" అంది.

"వచ్చే ఉంటుందమ్మా. రేపు వచ్చినా ఆపండి. ఆపినందుకు చాలా సంతోషం" అన్నాను. ఇంకా ఏదో గొప్పగా చెబుదామని నోరు తెరిచాను గానీ మాట దొరకలేదు. పోనీలే, బతికిపోయారు అందరూ.

మర్నాడు పొద్దున్నే ప్లాస్టరింగ్ ఆయన వచ్చి నిలబడ్డాడు. "సార్, నేను రాత్రిళ్లు ఇంకోచోట కాపలా ఉంటున్నాను. నిద్ర చాలటం లేదు. పైన అంచు దగ్గర తూలుతున్నాను. పనిలోంచి తీసెయ్యకండి" అన్నాడు. ఇన్నాళ్లూ నా ఉపన్యాసం వల్లే నిద్రపోతున్నాడని చిన్నబుచ్చుకున్నాను, చూడు! కింది అంతస్తు పని ఇచ్చాం. ఆయన వెనకే ఇంకొకరు, మెట్ల దగ్గర దీపం లేదని. ఇంకొకరు, బెల్టు కొక్కెం పట్టు తప్పుతోందని. మధ్యాహ్నానికి నేను భోజనం చేయడం మర్చిపోయాను.

మా కంపెనీకున్న నాలుగు సైట్లకీ కలిపి నన్ను పెద్దని చేస్తానని పెద్దాయన ఆమధ్య అన్నాడు, నీకు రాయలేదు. ఆ మాట ఇక ఎత్తడం లేదు. మీ మరదలికి చెబితే, "మంచిదే, ఒక్క సైటులో పడితేనే ఇంత గొడవైంది" అంది.

తమ్ముడు


సెప్టెంబరు 20

అక్కకి,

నాలుగు సైట్ల పదవి ఇంకొకతనికి ఇచ్చారు. అతను మంచివాడే, నాకంటే తక్కువ మాట్లాడతాడు. రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాను, మూడో రోజు మర్చిపోయాను.

మేస్త్రి తిరిగి వచ్చాడు. పైకి ఎక్కే పని ఇవ్వడం లేదు, కొత్తగా చేరేవాళ్లకి పని నేర్పుతున్నాడు. నడక మారింది. అది చూసినప్పుడల్లా నాకు మాట తడబడుతుంది, ఆయన ఇంకో మాటలోకి దించుతాడు.

నిన్న జరిగింది నీకు చెప్పి తీరాలి. చాలాకాలం తర్వాత పెద్దాయన సైటుకొచ్చాడు. నాతో సరిగ్గా మాట్లాడడు కదా, ఆయన్ని మెత్తబరచాలని పక్కనే నడుస్తూ, చేతులు తిప్పుతూ, పని ఎంత ముందుకొచ్చిందో వివరిస్తున్నాను. నా వివరణ మంచి ఊపులో ఉంది.

"ఏయ్! ఇద్దరూ ఆగండక్కడ!"

అంత కేక నేను నీ నోట తప్ప ఎవరి నోటా వినలేదు. కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. పెద్దాయనవి కూడా. చూస్తే, చువ్వలు కట్టే జట్టులో ఆ వారమే చేరిన అమ్మాయి. హెల్మెట్ చెవులదాకా దిగిపోయి ఉంది. మా మొహాల వైపు చూడనైనా చూడకుండా చెయ్యి పైకి చూపించింది. ఇనుప చువ్వల కట్ట మేము నడవబోయే చోటు మీదుగా మెల్లగా వెళుతోంది. అది అవతల నేలమీద ఆనేదాకా ముగ్గురం అలాగే నిలబడ్డాం.

పెద్దాయన మొహం ఎర్రబడింది. ఆయన్ని 'ఏయ్' అన్నవాళ్లు ఈ భూమ్మీద ఇంకెవరైనా మిగిలి ఉన్నారో లేదో నాకు తెలీదు. కట్ట కిందికి దిగాక ఆ అమ్మాయి చేతులు దులుపుకుని, మా దగ్గరికి వచ్చి, బుద్ధిగా చేతులు జోడించి, "నమస్కారం సార్. నమస్కారం సార్" అని ఇద్దరికీ చెరొకటి పెట్టింది.

"ఎవరమ్మా నీకిలా నేర్పింది?" అన్నాడు పెద్దాయన.

"మేస్త్రిగారు సార్. ఎవరైనా సరే, ముందు కేకెయ్యమన్నారు. నమస్కారం తర్వాతైనా పెట్టుకోవచ్చన్నారు."

పెద్దాయన ఆ చువ్వల కట్ట వైపు చూశాడు. తర్వాత మేము నడవబోయిన చోటు వైపు చూశాడు. చేతిలో ఉన్న ఫైలు నాకిచ్చి, రెండు చేతులూ ఎత్తి ఆ అమ్మాయికి తిరిగి నమస్కారం పెట్టాడు. ఆ తర్వాత గేటుదాకా మేమిద్దరం చుట్టు తిరిగి, నడిచేవాళ్లకని గీత గీసిన దారి వెంట, ఒకరి వెనక ఒకరం నడిచాం. నేనేమీ వివరించలేదు.

నీ తమ్ముడు